ఏడక్షరాల చీటీ

తమ్ముడు మందులు పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కి వచ్చేసరికి నర్సు అక్క గది గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో చిన్న చీటీ.

"అక్కగారు చెప్పారండీ. గంటన్నర పట్టింది" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అతను ఆ చీటీ లాక్కున్నంత పని చేశాడు. వి, ఏ, డి, ఐ, ఎల్, ఈ, వై. ఏడు ఇంగ్లీషు అక్షరాలు.

పదకొండు రోజుల తర్వాత అతని మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

అక్కకి మెదడులో రక్తం గడ్డకట్టి ఒళ్లంతా చచ్చుబడిపోయింది. కాలూ చెయ్యీ కదలవు. మాట లేదు. ఊపిరి కూడా మిషనే పోస్తోంది. మిగిలింది కనురెప్పలు. ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లయితే కాదు. గుణింతాలూ ఒత్తులూ పెట్టుకుంటే ఎప్పటికీ తెమలదని నర్సే ఇరవయ్యారు ఇంగ్లీషు అక్షరాలు అట్టమీద రాసుకొచ్చింది. ఒక్కోదానిమీదా వేలు పెట్టి అడుగుతూ కూచుంది.

అక్క పాతికేళ్లపాటు ఒక పత్రికలో 'మాటల చక్రం' నడిపింది. వారం వారం ఏడు ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా పేర్చి ఇచ్చేది. ఆ ఏడూ ఉన్న మాటల్లో అన్నిటికంటే పొడుగైనది పట్టుకోవాలి. ముందువెనకలైనా ఫర్వాలేదు, మధ్యలో వేరే అక్షరాలు ఎన్ని దూరినా ఫర్వాలేదు. అచ్చుకెళ్లేముందు ప్రతి చక్రాన్నీ తమ్ముడి మీద ప్రయోగించి చూసేది. అతను అదే పత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె దాచిన మాట అతనికి దొరకలేదు. "నీకు తొందరెక్కువరా" అని నవ్వేది.

"డాక్టరుగారికి నేనింకా చెప్పలేదండీ. మీరు చెప్తేనే బావుంటుంది" అంది నర్సు. మర్నాటినుంచి తను సెలవు మీద వెళ్తున్నానని చెప్పి, మంచం దగ్గరికెళ్లి అక్క నుదుటిమీద చెయ్యి పెట్టి, వెళ్లిపోయింది.

అతను నిలబడే చీటీ వెనక చక్రం గీశాడు. ఏడక్షరాలూ చుట్టూ పేర్చాడు. అది పట్టుకుని డాక్టరు గదికి పరిగెత్తాడు.

మెదడు ఇంత చురుగ్గా ఉందంటే డాక్టరు కూడా ఆశ్చర్యపోయాడు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నోట్లో గొట్టం ఇంకెంతోకాలం ఉంచలేరు. గొంతుకి రంధ్రం చేసి అక్కడ పెట్టాలి. పొట్టకి ఇంకోటి. ఇవన్నీ చేసినా ఆవిడ మంచం దిగదు. ఇలాగే ఏళ్లు గడవొచ్చు. ఆవిడనే ఓసారి అడిగి చూడమన్నాడు.

"అడగక్కర్లేదు డాక్టర్. ఆట మొదలెట్టిన మనిషి మధ్యలో లేచిపోదు" అని తమ్ముడు చూపించినచోటల్లా సంతకాలు పెట్టేశాడు.

ఆపరేషన్ అయింది. అక్క మెడలో తెల్లటి గొట్టం వచ్చింది.

ఇంట్లోంచి లావుపాటి డిక్షనరీ తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టుకున్నాడు. రెండోరోజుకల్లా ఒకటి తగిలింది.

"అడ్వైజెడ్లీ. తొమ్మిదక్షరాలు. బాగా ఆలోచించే, అని అర్థం. ఇదేనా?"

అక్క రెండుసార్లు రెప్పలార్పింది. కాదు.

ఇంతకంటే పొడుగైనది దాచిందన్నమాట. అతనికి ఉత్సాహం వచ్చింది. నాలుగు రోజులు పేజీలు తిరగేశాడు.

"వాలెడిక్టరీ. పదకొండు. వీడ్కోలు మాట."

అక్క అతనివైపే చూసింది. ఒక్కసారి రెప్ప మూసి, చాలాసేపటికి గానీ తెరవలేదు.

అవునంది. కానీ పదకొండు అక్షరాలతో సరిపెట్టే మనిషి కాదే అక్క. జాలిపడి ఒప్పుకుంటోందేమోననిపించింది. "నన్ను గెలిపించడానికి అబద్ధాలాడకక్కా. అసలుది పట్టుకునేదాకా నేను వదల్ను" అన్నాడు. అక్క రెప్పలు గబగబా ఆర్పింది, రెండుసార్లు, మళ్లీ రెండుసార్లు. చూశావా, ఇంకా ఉందంటున్నావు, అని నవ్వాడు.

ఆ తర్వాత రెండు వారాల్లో ఆమెకి రెండుసార్లు జ్వరమొచ్చింది. వీపు కింద పుండు పడింది. రోజుకి ఆరేడుసార్లు గొంతులో సన్నటి పైపు దింపి కఫం లాగేవాళ్లు. లాగినప్పుడల్లా ఒళ్లు కదలకపోయినా కళ్లు పెద్దవయ్యేవి. అతను అటు చూడలేక డిక్షనరీలోకి తల దూర్చేవాడు.

ఒక మధ్యాహ్నం దొరికింది. ఒక్కో అక్షరం మీదా పెన్సిలు పెట్టి చూపించాడు. డిస్అడ్వాంటేజియస్లీ. నష్టం కలిగేలాగ. పదిహేడు అక్షరాలు.

"ఇంతకంటే పొడుగైనది లేదక్కా. ఇన్నేళ్లకి నీ మాట పట్టేశాను."

అక్క అవునూ అనలేదు, కాదూ అనలేదు. కళ్లు మూసుకుంది. రెండు చెవులవైపూ నీళ్లు జారాయి. అతను తన చొక్కా అంచుతోనే తుడిచాడు. సంతోషమనుకున్నాడు.

ఆ తర్వాత అట్ట తెచ్చి ఎన్నిసార్లు చూపించినా ఆమె రెప్ప ఆర్పలేదు.

నాలుగోరోజు పొద్దున నర్సు సెలవు నుంచి తిరిగొచ్చింది. గదిలో అడుగుపెట్టి అక్క మెడ చూసి ఆగిపోయింది.

"మీరు డాక్టరుగారికి చెప్పలేదా?" అంది మెల్లగా.

"ఎందుకు చెప్పలేదు, ఆరోజే చెప్పాను. చూడండి, జవాబు కూడా పట్టుకున్నాను" అని అతను జేబులోంచి నలిగిన చీటీ తీసి చక్రం చూపించాడు. ఆట ఎలా ఆడాలో చెప్పాడు. పదిహేడక్షరాల మాట చెప్పాడు.

నర్సు చక్రం వంక చూసింది. చీటీని అతని చేతిలోనే వెనక్కి తిప్పింది.

"అక్కగారు మీకు ఆటేమీ ఇవ్వలేదండీ, ఆ ఏడక్షరాలూ ఆవిడ చెప్పిన వరసలోనే కలిపి తెలుగులో చదవండి, 'వదిలెయ్' అన్నారు."