అప్‌సెట్ బాక్సు

మైకాసురుడు టీవీ సౌండు పెంచాడు. తెర మీద వార్తలు పోయి వంటలొచ్చాయి. ఇంకాస్త పెంచాడు. వంటలు పోయి కుస్తీ వచ్చింది.

"ఛా! నెల రోజుల్నుంచీ ఇదే ఛానెల్ గోల!" అని సోఫా మీద పిడికిలి గుద్దాడు.

ఆయనకా పేరు పెట్టింది బావమరిది. మైకు కనిపిస్తే మింగేదాకా వదలడని. ఈసారి టీవీ వాళ్ళే, ప్రేక్షకుల సందేహాలు తీర్చమని, పిలిచి మరీ మైకు మేత వేశారు. పోయిన వారం రికార్డు చేసిన ఆ కార్యక్రమం ఇవాళ సాయంత్రం ఏడింటికి. ఒక్కసారే వేస్తారు, తప్పితే తప్పిపోయినట్టే. గోడ గడియారం ఆరూ నలభై చూపిస్తోంది. సౌండేమో చీమల సభలాగా ఉంది.

"ఇంతకీ అందులో ఏం వాగావు బావా?" అన్నాడు బావమరిది.

"వాగడం కాదు, జనానికి పనికొచ్చే సంగతులు చెప్పాను. ముందే చెప్తే మజా ఏముంది? చూసి నేర్చుకో."

"చూడనిస్తేగా! నీ మాట వినాలంటే సౌండు పెంచాలి. సౌండు పెంచితే నువ్వు మాయం. ఇది సెట్‌టాప్ బాక్సు కాదు బావా, అప్‌సెట్ బాక్సు!"

మైకాసురుడు పళ్ళు కొరికాడు. రిమోటులోని బ్యాటరీలు తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టాడు. అరచేతిలో వేసి నాలుగు మొట్టాడు. ఎంత మొట్టినా రిమోటు మొండితనం మానలేదు. చివరికి బావమరిదిని డిష్ పెట్టె ముందు చతికిలబెట్టి, చేతికో అట్టముక్క ఇచ్చాడు.

"గట్టిగా అడ్డం పెట్టు. రిమోటు వెలుగు పెట్టెకి తగలకూడదు. దాని కంటికి గంతలు కట్టాలి."

"టీవీ చూడ్డానికి పిలిచి టీవీకి వీపు పెట్టి కూర్చోబెట్టిన బావవి నువ్వొక్కడివే!"

మైకాసురుడు నొక్కాడు. ఏ సందులోంచి దూరిందో ఏమో, వస్తాదులు పోయి పళ్ళపొడి ప్రకటన వచ్చింది.

"గంతలు కట్టినా గంతులు మానలేదు బావా!"

వంటింట్లోంచి భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏమండీ, వీధి చివరి మెకానిక్కుకి ఫోన్ చేశాను. వస్తున్నాడు."

"మెకానిక్కా? మన ఇంటికా? ఎవరు చెయ్యమన్నారు?"

"గడియారం చెయ్యమంది. పావుగంటే ఉంది. మీ మొహం నాకు రోజూ ఉండేదే, మీకే కావాలి కదా టీవీలో!"

ఆ మాటతో మైకాసురుడు చల్లబడ్డాడు.

మెకానిక్కు వచ్చి రిమోటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది టీవీతో వచ్చింది కాదు కద్సార్?"

"అది పగిలింది. అన్ని టీవీలకీ పనికొచ్చేదని ఇది కొన్నా. కోడ్ నేనే కొట్టా," అన్నాడు మైకాసురుడు ఛాతీ విరిచి.

"అక్కడే కొట్టుకుపోయారు సార్. మీరు కొట్టింది వేరే కోడ్. దానికి టీవీ పలుకుతోంది, డిష్ పెట్టె కూడా తననే పిలిచారనుకుని పలుకుతోంది. ఇంటికి కోడలు, రిమోటుకి కోడు, సరైనది కుదరాలి సార్."

"అల్లుడు కూడా కుదరాలి బాబూ," అంది భార్య.

మెకానిక్కు ఒక బొత్తాం నొక్కి పట్టి నాలుగంకెలు కొట్టాడు. ఎర్ర దీపం రెండుసార్లు కన్నుగీటింది. సౌండు పెంచాడు. సౌండే పెరిగింది. తగ్గించాడు. సౌండే తగ్గింది. ఛానెల్ బంక పెట్టినట్టు కూర్చుంది.

"అంతేనా!" అన్నాడు బావమరిది అట్టముక్కతో విసురుకుంటూ.

మైకాసురుడు తన ఛానెల్ పెట్టుకుని పొంగిపోయాడు. వెళ్ళబోతున్న మెకానిక్కు చెయ్యి పట్టుకుని లాగాడు. "ఎక్కడికయ్యా! కూర్చో. టీవీలో నేనొస్తున్నా. నువ్వూ నాలుగు ముక్కలు నేర్చుకుందువుగాని."

ఏడయింది. తెర నిండా మైకాసురుడు, మెడలో టై, మొహాన అర అంగుళం పౌడరు. భార్య చప్పట్లు కొట్టింది. తెర మీద ఆయన పక్కన కూర్చున్న యాంకరమ్మ కాగితం తీసింది. "సార్, ఇది మా ప్రేక్షకుడి మొదటి ప్రశ్న..."

సోఫాలోని మైకాసురుడి నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ ప్రశ్నేమిటో, దానికి తనేం చెప్పాడో అప్పుడు గుర్తొచ్చింది. రిమోటు లాక్కుని సౌండు బొత్తాం గుచ్చి గుచ్చి నొక్కాడు. ఇందాకటిదాకా నొక్కగానే పారిపోయిన ఛానెల్ ఇప్పుడు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నొక్కిన కొద్దీ టీవీలోని ఆయన గొంతు మాత్రం పెరిగి పెరిగి, హాలు దాటి, వీధిలోకి దూకింది:

"సౌండు పెంచితే ఛానెల్ మారుతోందా? ఓస్, ఇంతేనా! ఇంత చిన్న పనికి మెకానిక్కును పిలిచేవాడంత వెధవ ఈ లోకంలో ఇంకొకడుండడమ్మా!"