రాచెల్ కమ్మలు

శనివారం మధ్యాహ్నం డ్యూటీలోకి దిగిన దగ్గర్నుంచీ రాచెల్ పరుగులు పెడుతూనే ఉంది. బీపీలు చూడటం, పక్కలు మార్చడం, ఛార్టులు రాయడం అన్నీ అయిదులోపే ముగించేసింది. అయిదింటికి మ్యాచ్ మరి.

ఇంగ్లండులో ఎక్కడో ఆడే ఎర్ర చొక్కాల ఫుట్‌బాల్ జట్టు అది. ఒకప్పుడు దానికి ఎదురులేదు. ఇప్పుడు ప్రతి చిన్నా చితకా జట్టూ వచ్చి దాన్ని చితగ్గొట్టి పోతోంది. అభిమానుల్లో చాలామంది మెల్లగా జారుకున్నారు. రాచెల్ జారుకోలేదు. యలహంకలోని ఆ ఆస్పత్రిలో ఆమెను మించిన అభిమాని లేదని డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు.

ఎనిమిదేళ్ల క్రితం, గుంటూరులో పెళ్లిచూపుల దాకా ఆమెకు ఫుట్‌బాల్ అంటే ఓనమాలు తెలియవు. "నాకు వేరే అలవాట్లేం లేవండీ. తాగను, కాల్చను. ఈ జట్టొక్కటే నా పిచ్చి" అన్నాడు పెళ్లికొడుకు రాజేశ్. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందరూ నవ్వారు. పెళ్లయి ఆమె ఈ ఆస్పత్రిలో చేరిన ఏడాదే జట్టు కప్పు గెలిచింది. రాజేశ్ వార్డు మొత్తానికీ కేకు పంపాడు. మొగుడంటే ఇలా ఉండాలి అన్నారు తోటి నర్సులు. తర్వాత్తర్వాత కేకులు తగ్గాయి. ఈ ఏడాది ఒక్కటీ రాలేదు.

ఆ జట్టు గురించి రాచెల్‌కు ఇప్పుడు తెలియనిది లేదు. ఎవరికి తొడ కండరం పట్టేసింది, ఎవరికి ఎర్రకార్డు పడింది, వచ్చే వారం ఎవరితో ఆట, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. జట్టులోని డిఫెండర్‌కు మోకాలు దెబ్బతింటే చర్చిలో ప్రార్థన విన్నపాల పెట్టెలో చీటీ వేసింది. నతానియేల్ పాస్టరుగారు దాన్ని పైకి చదివి, "ఈ సహోదరుడు ఎవరమ్మా?" అని అడిగారు.

"దూరపు చుట్టమండీ" అంది.

సంఘమంతా లేచి నిలబడి ఆ మోకాలి కోసం పది నిమిషాలు ప్రార్థించింది. మోకాలు మాత్రం బాగుపడలేదు.

నాలుగో మంచం మీద పద్మనాభం ఉన్నాడు. తాతల కాలం నుంచీ యలహంకవాడే. బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మొన్ననే చేరాడు. మ్యాచ్ మొదలైనప్పటి నుంచీ గోడ మీది టీవీని వదిలేసి రాచెల్‌నే చూస్తున్నాడు.

"ఏమమ్మా, గోళ్లట్ల కొరుక్కుంటా ఉండావే! వాళ్లు గెలిస్తే నీకేమన్నా ఇస్తారా?"

"ఈ ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు తాతా. అట్టడుగున ఉన్న జట్టుతోనేగా."

అటుగా వచ్చిన వార్డు ఇన్‌ఛార్జి స్టెల్లా నవ్వింది. "మీకు తెలీదు అంకుల్. మా రాచెల్ చెవులు చూస్తే స్కోరు తెలిసిపోద్ది. జట్టు గెలిస్తే మర్నాడు బంగారు కమ్మలతో వస్తది. ఓడితే బోసి చెవులే. సంతాపమన్నమాట!"

"అట్లనా! మొక్కా తల్లీ?"

"అలాంటిదే తాతా" అంటూ రాచెల్ ఎడమ చెవి కమ్మను తడుముకుంది. పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన కమ్మలవి.

ఇరవయ్యో నిమిషంలో ఎర్ర జట్టు గోల్ కొట్టింది. "స్తోత్రం ప్రభువా" అంది రాచెల్ కళ్లు మూసుకుని. గంటసేపు ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మంచినీళ్లు అందించింది.

తర్వాత ఎర్ర జట్టు గోల్‌కీపర్ చేతుల్లోకి వచ్చిన బంతిని జారవిడిచాడు. ఒకటీ ఒకటీ. ఆఖరి నిమిషంలో అవతలి జట్టువాడెవడో తలతో బంతిని గోల్‌లోకి నెట్టాడు. అంతే, ఆట ముగిసింది.

"థూ! ఇట్లాంటోళ్ల కోసం యాల కిందామీదా పడ్తా ఉండావు?" అనబోయిన పద్మనాభం ఆమె మొహం చూసి సగంలోనే ఆగిపోయాడు. రాచెల్ గోడకు ఆనుకుని నిలబడింది. ఫోన్‌లో రాజేశ్ మెసేజ్ వచ్చింది: 'ఎన్నింటికి వస్తావ్?'

ఆమె నేరుగా స్టెల్లా దగ్గరికి వెళ్లింది.

"అక్కా, నైట్ కూడా నేనే చేస్తా. కాత్యాయనిని రావద్దని చెప్పండి."

"ఈ నెలలో రెండుసార్లు ఒప్పుకున్నా. ఓడినప్పుడల్లా డబుల్ డ్యూటీ అంటే ఎలా? సూపరింటెండెంట్ ఊరుకోడు."

"ఇంటికెళ్తే ఇద్దరం మొహాలు వేలాడేసుకుని కూర్చోవాలి అక్కా. ఇక్కడైతే పనిలో పడి మర్చిపోతా. ఈ ఒక్కసారికి."

"ఇద్దరిదీ ఒకటే బాధ కదా, ఒకరినొకరు ఓదార్చుకోండి. పో, అదిగో కాత్యాయని వచ్చేసింది కూడా."

ఎనిమిదింటికి రాచెల్ బ్యాగు తీసుకుని బయల్దేరుతుంటే పద్మనాభం పిలిచాడు. "సిస్టరమ్మా, ఆట ఇది. సుమ్మనే, ఊరికే మనసుకు పెట్టుకోవద్దు. రేపు కమ్మలు పెట్టుకునే రా. నీ మొక్కు సంగతి నేను చూసుకుంటా."

"అలాగే తాతా" అంది.

ఆటో దిగి మెట్లెక్కింది. మూడో అంతస్తులో ఎదురింటివాళ్లు కుక్కర్ పెట్టినట్టున్నారు, విజిల్ వేస్తోంది. తమ ఇంట్లో టీవీ ఇంకా మోగుతూనే ఉంది. ఎవరో ఇంగ్లీషులో ఓటమికి కారణాలు చెబుతున్నారు.

రాచెల్ గంట నొక్కబోయి ఆగి, కమ్మలు రెండూ తీసి పర్సు అడుగున దాచుకుంది. చెవికి కమ్మ ఉండగా రాజేశ్ చెంప మీద కొడితే తమ్మె చీలుతుందని ఆమెకు మొదటిసారి కుట్లు పడ్డాకే తెలిసింది.