ఆగి ఆగి కొడతంది

జీపు ముంచింగిపుట్టు దాటి పది నిమిషాలు కాలేదు. పక్కన కూచున్న ముసలాయన సుజానా అత్తగారి మణికట్టు పట్టుకున్నాడు.

మలుపులో పడిపోతానని పట్టుకున్నాడేమో అనుకుంది సుజానా. మలుపు అయిపోయింది. ఆయన చెయ్యి వదల్లేదు.

"ఏటది తాతా?" అంది సుజానా.

"ఆగి ఆగి కొడతంది. బేటరీ ఎయ్యాల. బేగి ఎయ్యాల."

డ్రైవరు ఫల్గుణకి చురుక్కుమంది. "నా బేటరీ పోయిన నెలే మార్సినాను. కూకుంటే కూకో, లేదంటే దిగిపో."

"నీ బండి ఊసెవడెత్తాడ్రా?"

"మరి నీ టార్చిలైటుదా తాతా?" అన్నారు వెనకనుంచి ఎవరో. జీపంతా నవ్వింది.

ముసలాయన నవ్వలేదు. సుజానా అత్తగారు దేవమణి వైపు తిరిగాడు. "మెట్టెక్కితే కళ్ళు తిరుగుతన్నాయా అప్పా?"

"ఔను బాబూ. నిన్న పాక దగ్గర..."

"పొద్దున్న గంజి తాగమంటే తాగావా అత్తా?" అంది సుజానా. "తాగకపోతే తిరగవా మరి?"

"గంజి కాదు గుంటా. ఆస్పత్రికి తీసుకుపో."

ఇద్దరు పిల్లల తల్లిని పట్టుకుని గుంటా అంటాడేమిటి. సుజానాకి ఒళ్ళు మండింది. అంగన్‌వాడీకి ఒక్కరోజు సెలవు దొరకడమే గగనం. ఆధార్‌లో అత్తగారి వేలిముద్ర పడక పాడేరు రావడం ఇది మూడోసారి. మధ్యలో ఈయనొకడు. ముందు నాడి పడతారు, తర్వాత సంచిలోంచి వేరుముక్క తీస్తారు. సంతల్లో ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు.

అత్తగారిని అటు జరిపి, మధ్యలో తను కూచుంది.

పాడేరులో దేవమణి ఒక కాలు కింద పెట్టింది. రెండో కాలు పెట్టేలోపే కూలబడింది.

పట్టుకున్నది ముసలాయనే. ఆటోని పిలిచిందీ ఆయనే. ఎవరూ పిలవకుండా తనూ ఎక్కాడు.

"ఇంక మీరెళ్ళండి తాతా," అంది సుజానా ఆస్పత్రి గుమ్మంలో. "మీ పని మీరు చూసుకోండి."

"నా పనీ ఇక్కడేనమ్మా," అని వరండాలో బల్ల మీద కూచున్నాడు.

లోపల డాక్టరు జయశ్రీ ఈసీజీ కాగితాన్ని రెండుసార్లు చూసింది.

"నిమిషానికి ముప్ఫైనాలుగే కొట్టుకుంటోంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"గంజి తాగలేదు మేడం, అందుకని..."

"గంజి కాదమ్మా. గుండె పై గదిలో చిన్న ముడి లాంటిది ఉంటుంది. కరెంటు పుట్టేది అక్కడ. అది కిందికి దిగితేనే కింది గదులు సరిగ్గా కొట్టుకుంటాయి. కొండెక్కుతుంటే జోరు పెరిగేదీ, పడుకుంటే తగ్గేదీ ఆ ముడి వల్లే. మీ అత్తగారికి మధ్యలో దారి తెగింది. పైనుంచి కబురు వస్తోంది, కిందికి అందడం లేదు. కింది గదులు వాటంతట అవే ఎలాగో నెట్టుకొస్తున్నాయి. అవి ఎప్పుడు మానేస్తాయో చెప్పలేం."

"మందులివ్వండి మేడం."

"మందులతో అయ్యేది కాదు. ఛాతీలో బ్యాటరీ పెట్టాలి. ఇవాళే విశాఖ వెళ్ళాలి."

జీపులో అందరూ నవ్విన మాట అదే.

108 బండ్లు రెండూ ఘాట్‌రోడ్డు కింద ఉన్నాయి. ఎప్పటికొస్తాయో తెలీదు. గుండె రోగుల్ని తీసుకెళ్ళే ఆస్పత్రి వ్యాను పదకొండుకి బయల్దేరుతుంది. నాలుగు సీట్లు. నాలుగు పేర్లూ నిండిపోయాయి.

"మళ్ళీ నెలాఖరుకే బండి," అన్నాడు వార్డుబాయ్ తాతారావు.

అంతే, సుజానాకి పొద్దుటి నుంచీ పేరుకున్న చిరాకంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"వేలిముద్ర పడదంటారు. మళ్ళీ రమ్మంటారు. మనిషి గుండె ఆగిపోతోందంటే సీటు లేదంటారు. ఇదేమన్నా సినిమా హాలా?"

వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. ముసలాయన లేచి వచ్చాడు.

"అరవకు గుంటా. అప్ప వింటే భయపడతాది."

"మీరు మధ్యలో రాకండి. పొద్దుటి నుంచీ మీతో ప్రాణం విసిగిపోతోంది నాకు."

ఆయన సంచి భుజాన వేసుకుని నర్సు గది వైపు నడిచాడు.

పావుగంటలో సీటు దొరికింది.

"చూశావా అత్తా? అరిస్తేనే గానీ ఈ రోజుల్లో పని కాదు," అంది సుజానా, స్ట్రెచర్ వెంట నడుస్తూ.

వ్యాను ఘాట్ దిగుతోంది. దేవమణి మెల్లగా కళ్ళు తెరిచింది.

"ఆ పెద్దాయనేడే? ఓ మాటైనా చెప్పకుండా వచ్చేశాం."

"ఎవరో ఏమిటో అత్తా. పేరైనా అడగలేదు."

ముందు సీట్లో నర్సు అనురాధ నలుగురి కాగితాలూ సర్దుతోంది. ఒక కాగితం మీద పేరు కొట్టేసి, దేవమణి పేరు రాస్తూ వెనక్కి తిరిగింది.

"ఆయన పేరు మంగ్లు తాత," అంది, "గుండెలో బ్యాటరీ అయిపోవచ్చి, మార్పించుకోడానికి ఇవాళ ఈ సీట్లో మాతో రావాల్సినాయన."