లామినేషన్

“ఏం పని చేశావురా ఇది?”

సైమన్ అరుపుకి లేబర్ క్యాంపు గదిలో కునుకు తీస్తున్నవాళ్లు లేచి కూర్చున్నారు.

యాభై దాటిన మనిషిని ‘రా’ అన్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అంత కోపంగా ఉన్నాడు.

అతని చేతిలో అరచేతిలో సగం ఉన్న కార్డు ఒకటి ఉంది. దాని మీద టోపీ పెట్టుకున్న బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ. కార్డు చుట్టూ తళతళలాడే కొత్త ప్లాస్టిక్.

“లామినేషన్ చేయించిన తమ్మీ,” అన్నాడు నర్సింలు. “చెమటకు ఖరాబైతదని.”

ఆ గదిలో అందరికీ ఆ అలవాటే. గల్ఫ్ చెమటకి ఏ కాగితమూ నిలవదు. వీసా కాపీ, పిల్లల ఫోటో, బైబిలు వాక్యం, అన్నీ ప్లాస్టిక్‌లో దూరాల్సిందే. నర్సింలయితే బస్సు టైములు కూడా లామినేషన్ చేయించుకున్నాడు.

కానీ ఇది బస్సు టైముల కాగితం కాదే.

సైమన్ అమ్వాజ్ అనే పేటలో ఒక బిల్డింగుకి ఏసీ టెక్నీషియన్. నర్సింలు అక్కడే క్లీనరు, వచ్చి రెండు నెలలు. ఒక అమెరికా ఆయన ఫ్లాటు ఖాళీ చేసి పోతూ వదిలేసిన డబ్బాలో ఇలాంటి కార్డులు రెండు దొరికాయి. ఒకటి సైమన్ జేబులో వేసుకున్నాడు. రెండోది గేటు సెక్యూరిటీ బషీర్ పట్టుకుపోయాడు.

తొంభై ఏళ్ల నాటి కార్డట, ఇలాంటివి పోగుచేసే అమెరికా వాళ్లు ఎంతైనా ఇస్తారట. లోకం మొత్తం మీద యాభై కూడా మిగల్లేదట. సైమన్ ఇంటర్నెట్ కఫేలో కూర్చుని ఆన్‌లైన్ వేలంలో పెడితే, వారంలో పాట రెండు వేల దీనార్లకి ఎక్కింది.

ఆ డబ్బు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ ముఖాన కొడితే పాస్‌పోర్టు చేతికొస్తుంది. సైమన్ ఇల్లు చూసి నాలుగేళ్లయింది. కూతురు అక్సాని ఫోటోలో తప్ప చూడనేలేదు.

పాట రేపటితో ముగుస్తుంది. మూల కాస్త మడత పడితేనే ధర పడిపోయే సరుకది. వేడికి ప్లాస్టిక్ అతుక్కున్నాక ఎవడు కొంటాడు?

“నోటికాడ కూడు లాగేశావు కదయ్యా,” అన్నాడు సైమన్. “మొన్న అమ్మొద్దన్నావు చూడు, అప్పుడే తెలుసుకోవాల్సింది.”

నిజమే, మొన్న నర్సింలు అన్నాడు.

“అమ్మకు తమ్మీ. గంత కరువైనదైతే ఒక్క డబ్బల రెండెట్ల ఉంటయ్?”

“కళ్లల్లో నిప్పులు పోసుకోకు. చీపురు పట్టేవాడివి, నీకెందుకు వేలం సంగతులు?”

నర్సింలు ఇంకేదో చెప్పబోయాడు. సైమన్ చెప్పనివ్వలేదు.

ఇప్పుడూ అంతే. “జర ఇను తమ్మీ” అంటున్నవాణ్ని రెక్క పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి లాక్కుపోయాడు.

“నా పెట్టెలో సామాన్ దొంగిలించాడు సార్.”

“ఏం సామాన్?”

సైమన్ కార్డున్న చేతిని జేబులోకి తోశాడు. ఫ్లాట్లలో వదిలేసిన వస్తువులు ముట్టుకుంటే పోలీసు కేసే. కోపంలో ఆ సంగతే మరిచాడు.

సూపర్‌వైజర్ నర్సింలు వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు. ఏం తీశావు? ఎక్కడిది?”

నర్సింలు ఒకసారి సైమన్ ముఖం చూశాడు.

“పైసలు తీసిన సార్. తప్పయింది.”

“ఖలాస్. సామాన్ సర్దుకో.”

సాయంత్రానికల్లా కంపెనీ వ్యాను వచ్చింది. కర్జకాన్‌లో ఉన్న ఇంకో క్యాంపులో రెండు రోజులుంచి అటునుంచి అటే విమానం ఎక్కిస్తారట. వ్యాను ఎక్కుతూ నర్సింలు వెనక్కి తిరిగాడు.

“నీ బిడ్డ తానికి సల్లగ పో తమ్మీ.”

సైమన్ పక్కకి ఉమ్మాడు. పీడ విరగడైందనుకున్నాడు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు, కోపం అరగక.

పదిరోజుల తర్వాత బిల్డింగు గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. బషీర్‌ని ఎక్కించుకుని పోయింది.

“ఏమైంది భాయ్?” అని బషీర్ బదులు డ్యూటీకొచ్చిన సెక్యూరిటీని అడిగాడు సైమన్.

“ఏదో పాత కార్డట. నెట్‌లో వేలం పెట్టి ఇక్కడే ఉండే ఇంకో అమెరికా వాడికి అమ్మాడు. అది నకిలీ అని తేలింది. మోసం కేసు. లోపలేస్తారు.”

సైమన్ పని మధ్యలోనే వదిలేశాడు. గదికొచ్చి పెట్టె అడుగున పడేసిన కార్డు తీసుకుని, ఒంటి మీదున్న డ్రెస్సుతోనే మనామా బస్సెక్కాడు. అక్కడ క్యాంపు వాళ్లంతా లామినేషన్‌కి వెళ్లే జిరాక్స్ షాపు బాలన్నది. కార్డు చూడగానే గుర్తుపట్టాడు.

“గిది నేను చేసిందే. నర్సింలన్న దగ్గరుండి రెండుసార్లు మిషన్ల పెట్టించిండు. మల్ల పనికి రావద్దన్నడు.”

“పనికి రాకూడదనా?”

“ఔ. భూతద్దం అడిగి తీస్కొని సూసిండు. కొత్త అచ్చే, చాయ్ నీళ్లల్ల ముంచి ఆరవెట్టిన్రు అన్నడు. చెప్తే పిలగాడు ఇంటలేడు, అమ్మితే జైలుకు పోతడు అన్నడు.”

సైమన్ కార్డుని వేళ్లతో నలిపాడు. ప్లాస్టిక్ వంగలేదు.

“ఆయనకెలా తెలిసింది బాలన్నా?”

అప్పుడే మొదటిసారి నర్సింలుని ‘ఆయన’ అన్నాడు.

“ఎట్లేంది? నిజామాబాద్‌ల ఇరువై ఏండ్లు అచ్చాఫీసుల పనిచేసిండు,” అన్నాడు బాలన్న. “ఓనరు దొంగ కాగితాలు ఏపిస్తుంటే ఎరుకలేక అచ్చేసి మూడేండ్లు లోపలున్నడు, బిడ్డను మొదటిసారి సూసింది గా జైలు ఊసలల్లకెల్లేనట.”