పర్మిట్ లేని కెమెరా

గేటు దగ్గర మిస్ జోఫీల్డ్ కారు దిగడం చూడగానే బూద్‌రామ్‌కి నోట్లో ఉన్న డబుల్స్, శనగల కూర పెట్టిన రొట్టె, గొంతుకి అడ్డం పడింది.

ఆమె పర్యావరణ శాఖ ఇన్‌స్పెక్టర్. చెప్పాపెట్టకుండా దిగింది. భుజాన నల్లటి కెమెరా సంచి. కంటికి కనపడని గ్యాసుని పొగలాగా పట్టి చూపించే కెమెరా ఆ శాఖకి కొత్తగా వచ్చిందని ట్రినిడాడ్‌లో ప్రతి ఫ్యాక్టరీకీ తెలుసు. పోయినేడాది రోడ్డు మీంచి ఒక ఫొటో తీశారు కూడా. "అది గ్యాసు కాదు, ఆవిరి. గ్యాసే అయితే ఎక్కణ్ణుంచో చూపించండి" అని కంపెనీ లాయరు కొట్టిపారేశాడు.

అది గ్యాసే. కంప్రెసర్ వెనక, సముద్రం వైపున, ఒక పైపు జాయింటు నెలల తరబడి లీకవుతోంది. సరిగ్గా బాగుచేయాలంటే ప్లాంటు నాలుగు రోజులు ఆపాలి. ప్లాంటు ఆగితే నీ సూపర్‌వైజర్ ఉద్యోగం కూడా ఆగుతుందని పెద్దసారు బూద్‌రామ్‌కి నవ్వుతూనే చెప్పాడు. కంచె అవతల చిన్నపిల్లల బడి ఉంది. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఈయన అడగలేదు.

బూద్‌రామ్ పక్కకి తిరిగి మేస్త్రీ సెల్వోన్‌కి ఫోన్ కొట్టాడు.

"ఆవిడ దిగింది రా. డెక్స్‌టర్‌ని తీసుకుని ఆ జాయింటు దగ్గరికి పరిగెత్తు. బోల్టులన్నీ బిగించెయ్."

"గ్యాసు పోతుండగానా? మరి పర్మిట్టో?"

"పర్మిట్ రాస్తే కాగితం మిగులుద్ది. ఎంతసేపు పడుద్ది చెప్పు."

"మూడు గంటలు, బాస్."

"అయితే మూడు గంటలూ ఆవిణ్ణి నేను పట్టుకుంటా."

దేంతో పట్టుకుంటాడు? భద్రతా నియమాలతో. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆ పుస్తకం దుమ్ము దులపడం బూద్‌రామ్‌కి అదే మొదటిసారి.

"రండి రండి మిస్ జోఫీల్డ్! ముందు మీ ఫోనిలా ఇవ్వండి. గ్యాసున్న చోట ఫోను నిప్పుతో సమానం."

ఆమె ఇచ్చేసింది.

"ఆ సంచి జిప్పు కూడా తీయకండి. లోపల బ్యాటరీ ఉంటది గదా. పర్మిట్ చేతికొచ్చేదాకా కెమెరా బయటికి రాకూడదు."

"రూలంటే రూలే నాయనా," అని ఆమె సంచిని కుర్చీ కింద పెట్టుకుంది.

తర్వాత నలభై నిమిషాల భద్రతా వీడియో. బూద్‌రామ్ కూడా ఎప్పుడూ చివరిదాకా చూడలేదు. ఆమె చూసింది. చూసి, మధ్యలో ఒక ముక్క అర్థం కాలేదు, మళ్ళీ వెయ్యమంది. బూద్‌రామ్‌కి ఆమెని కౌగిలించుకోవాలనిపించింది.

తర్వాత ఇరవై ప్రశ్నల పరీక్ష. "గ్యాసు లీకయితే ఎటు పరిగెత్తాలి?" అన్నదానికి ఆమె "ఇంటికి" అని రాసింది.

"తప్పు మిస్. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, దానికి అడ్డంగా పరిగెత్తాలి. మళ్ళీ రాయాలి."

రెండోసారీ తప్పింది. ఇలాంటి మొద్దుని ఇన్‌స్పెక్టర్‌ని చేసిన ప్రభుత్వానికి బూద్‌రామ్ మనసులోనే దండం పెట్టాడు. బయటికొచ్చి మళ్ళీ ఫోన్ కొట్టాడు.

"ఎంతవరకు వచ్చింది రా?"

"సగం. ఇక్కడ ఫోన్ మోగకూడదు బాస్! మోగేసరికి గుండె జారిపోయింది."

"మరి ఎందుకు ఎత్తావ్ రా, గాడిదా?"

"చేసింది నువ్వే గదా!"

మూడోసారికి ఆమె పరీక్ష గట్టెక్కింది. నర్సు బీపీ చూసింది. ఎక్కువుందంది. అరగంట ఆగి చూడాలి. "రెండుసార్లు చూడమ్మా, నాకీ మిషన్ల మీద నమ్మకం లేదు," అంది మిస్ జోఫీల్డ్. ఇనప టోపీ సరిపోయింది గాని బూట్లు సరిపోలేదు. స్టోర్‌రూమ్‌లో ఉన్న జతలన్నీ తెప్పించారు. అన్నీ వేసుకుని చూసి, మొదటి జతే నయమంది.

పదకొండుంబావుకి సెల్వోన్ నుంచి మెసేజ్ వచ్చింది. అయిపోయింది.

బూద్‌రామ్ మొహం వెలిగిపోయింది. పర్మిట్ తనే రాసి, తనే సంతకం పెట్టి, రెండు చేతులా అందించాడు.

"పదండి మిస్! మూల మూలా చూపిస్తా."

మిస్ జోఫీల్డ్ గోడ గడియారం చూసి, మోకాళ్ళు రుద్దుకుంది. "ఎందుకులే నాయనా. నా ఒక్కదాని కోసమే ఇంత జాగ్రత్తపడే ప్లాంటుని నేనేం చూస్తాను? ఒక్క కాగితం నింపి పోతా. మనిషి బయట నుంచి వస్తే ఆ చుట్టుపక్కల పనులన్నీ ఆపేయాలని మీ వీడియోలో చెప్పారు గదా. ఆపారా?"

"ఆపామా అని అడుగుతారేంటి మిస్! కంప్రెసర్ దగ్గరికి పొద్దున్నించీ ఈగని కూడా పోనివ్వలేదు."

"అదే రాయి."

బూద్‌రామ్ రాశాడు. ఎనిమిది నుంచి పదకొండుంబావు వరకు కంప్రెసర్ దగ్గర ఎవరికీ పర్మిట్ ఇవ్వలేదు, ఎవరూ పనిచేయలేదు. కింద సంతకం, ముద్ర. ముద్ర బాగా పడాలని రెండుసార్లు గుద్దాడు.

ఫోను తిరిగిచ్చి, ఆమె మెసేజ్‌లు చూసుకుంటుంటే కారు దాకా సాగనంపాడు. చల్లటి మాబీ, చెట్టు బెరడు షర్బత్, సీసా ఒకటి చేతిలో పెట్టాడు. తలుపు వేయబోతూ ఆగలేకపోయాడు. గెలిచినవాడికి కాస్త సరదా ఉంటుంది.

"పొద్దున్నించీ మోస్తూనే ఉన్నారు గాని ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. పోయేముందు ఆ వింత కెమెరా నాకూ చూపించండి మిస్!"

మిస్ జోఫీల్డ్ సంచి జిప్పు తీసి అతని ముందు బోర్లా దులిపింది. ఏమీ పడలేదు.

"కెమెరా నా దగ్గరెక్కడిది నాయనా, అది పొద్దున్నే చేపల పడవెక్కి, బోల్టులు బిగిస్తూ లీకయ్యే జాయింటు ఏదో మాకు చూపించిన మీవాళ్ళిద్దర్నీ సముద్రంలోంచి మూడు గంటలుగా తీస్తోంది."