స్కానింగ్ గదిలో పిల్లికూతలు

ఆస్తమా ఊపిరి గొట్టాలను ఎలా మారుస్తుందో తేల్చే పరిశోధన అది. ఆ రాత్రి చివరి స్కాన్ టెక్నీషియన్ సొంత అక్కదే. చిన్నప్పటి నుంచీ ఆమె ఆయాసపడినప్పుడల్లా "పని తప్పించుకోవడానికి వేషాలు" అని ఇంటిల్లిపాదినీ నమ్మించింది అతనే. ఇప్పుడు తెర మీద ఆ గొట్టాలు దారప్పోగుల్లా సన్నబడి కనిపించాయి. అతనికి తల కొట్టేసినట్టయింది.

"అయిపోయిందక్కా, వెళ్లి బట్టలు మార్చుకో" అన్నాడు మైకులో, ఆమె వైపు చూడకుండా.

ఆమె వెళ్లిపోయింది. యంత్రం ఆగింది. స్పీకర్లో అంతసేపూ వినిపించిన ఆమె ఆయాసపు పిల్లికూతలు మాత్రం ఆగలేదు.

అద్దం అవతల బల్ల ఖాళీగా ఉంది. స్పీకరు కట్టేశాడు. అయినా ఆ కూతలు వస్తూనే ఉన్నాయి, ఎవరో గాలికోసం పెనుగులాడుతున్నట్టు. భయంలో అలవాటు కొద్దీ మైకు నొక్కాడు.

"ఊపిరి బిగబట్టండి."

కూతలు ఠక్కున ఆగిపోయాయి. "వదలండి" అనకుండానే అతను మైకు మీది వేలు తీసేశాడు.

భుజం మీద చెయ్యి పడింది. వెనక అక్క నిలబడి ఉంది. ఆమె ఊపిరి ఎన్నడూ లేనట్టు ఏ చప్పుడూ లేకుండా, తేటగా ఆడుతోంది. అతను సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

ఆమె ఖాళీ బల్లకేసే చూస్తూ మెల్లగా అంది:

"వదలమనరా తమ్ముడూ. పాపం, ఎంతసేపని బిగబట్టుకుంటుంది?"