మారెన్ ఇచ్చిన మాట

"కెమిస్ట్రీ, బయాలజీ, లెక్కలు తప్పవు. నాలుగోది మాత్రం నీ ఇష్టం. ఏం తీసుకుంటావమ్మా?" అడిగాడు కాలేజీలో కొత్త విద్యార్థులకు కోర్సులు కుదిర్చే టాలివర్.

మారెన్ తల్లివైపు చూసింది.

"డాక్టరీకి పనికొచ్చేది ఏదైనా వేయండి," అంది తల్లి గ్రెటా. "డాక్టరవుతానని చనిపోతున్న తమ్ముడికి మాటిచ్చింది."

"అప్పుడు నీకెన్నేళ్లు?"

"తొమ్మిది," అంది మారెన్.

"తమ్ముడే అడిగాడా?"

"వాడికి మూడేళ్లండీ, వాడికేం తెలుసు!" అంది గ్రెటా. "మంచం పక్కన నిలబెట్టి నేనే చెప్పించాను."

తన నోటితోనే ఆ మాట విన్నాక ఆమె మొహం పాలిపోయింది. కూతురి చెయ్యి పట్టుకుంది. "నీకేం చదవాలనుందే?"

మారెన్ చాలాసేపు ఆలోచించింది. ఏమీ తోచలేదు.

"ప్రస్తుతానికి నాలుగోది ఖాళీగా ఉంచనా?" అన్నాడు టాలివర్.

"వద్దు సార్," అంది మారెన్ గాభరాగా. "ఏదో ఒకటి మీరే చెప్పండి."